ఇందులో ఏముంది దొరా?

మాసాకు ముందరి పళ్ళు లేవు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. అవి ఎలా పోయాయో గూడెంలో అందరికీ తెలుసు. అతని ముందు ఎవరూ ఆ మాట ఎత్తరు.

అప్పటికి అతనికి కొత్తగా పెళ్ళయింది. అరికె చేను కోసి పనలు మళ్ళలోనే పరిచి ఉన్నాయి. పడమట మబ్బు కమ్ముకొస్తుంటే ఆలుమగలిద్దరూ పనలు కుప్పెయ్యడానికి పరుగులు పెడుతున్నారు. వెట్టికి మనుషుల్ని పిలిచే కొత్వాలు వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. అడవి దొర మకాం మారుస్తున్నాడు, సామాను మొయ్యాలి, పద అన్నాడు. చేను, మబ్బు అతని కంటికి ఆనలేదు. వెట్టి అంటే అంతే. కూలి లేదు, కాదనడం లేదు.

మాసా భుజానికెత్తింది ఒక పెద్ద రేకుపెట్టె. వానలో జారుతూ, మెడ నరాలు లాగేస్తుంటే పొలిమేర రాయి దాకా మోశాడు. దించాక ఊపిరి పీల్చుకుని, కోపంతో కాదు, ఊరికే, మనిషి మనిషిని అడిగినట్టు అడిగాడు.

"ఇందులో ఏముంది దొరా, ఇంత బరువుంది?"

దొర పక్కనున్న జవాను చేతికర్ర తిప్పి మూతి మీద కొట్టాడు. "మోసేటోనికి ఎందుకురా? సర్కారు సామాను మీద పూఛ్‌తాఛ్ చేస్తవా?"

మాసా రక్తం ఉమ్మి, తలగుడ్డ నోట్లో కుక్కుకుని ఇంటికి నడిచాడు. వచ్చేసరికి పనలు నీళ్ళలో తేలుతున్నాయి. "ఏమైంది?" అని పెళ్ళాం లక్మే అడిగితే, "జారి పడ్డ," అన్నాడు. ఆ ఏడాది ఇద్దరూ అడవిలో దొరికిన గడ్డలు, ఎండబెట్టిన ఇప్పపువ్వు తిని బతికారు. ఎవరికీ మొర పెట్టుకోలేదు. మొర పెట్టుకోవాలన్నా ఆ దొర దగ్గరికే పోవాలి.

ఆ రోజు నుంచి జీలుగుగూడెంలో బరువులెత్తే వాళ్ళందరికీ ఒక సంగతి ఒంటబట్టింది. ఎత్తు, మొయ్యి, రాయి దగ్గర దించు, వెనక్కి తిరుగు. అడగొద్దు. కొత్తగా వెట్టికి వచ్చే కుర్రాళ్ళకు మాసాయే ఈ మాట చెప్పేవాడు. చెప్తూ నోరు తెరిచి చూపించేవాడు, అంతే. బస్తర్ సర్కారు ఈ అడవిలో బడి పెట్టలేదు కానీ ఈ ఒక్క పాఠం మాత్రం శ్రద్ధగా నేర్పింది. ఆ పాఠం ఏం చేసిందో చూడండి.

జీలుగుగూడెం ఎర్రబోరుకు పడమట, భేజ్జి వెళ్ళే అడవి బాటలో ఉన్న దొర్ల తెగ వాళ్ళ గూడెం. ఆ బాటన బండి నడవదు. సర్కారు సామాను ఏదైనా పొలిమేర నుంచి పొలిమేరకు చేతులు మారుతూ పోవాలి. ఒక ఊరి మనుషులు తమ రాయి దాకా తెచ్చి దించుతారు, అవతలి ఊరి వాళ్ళు ఎత్తుకుంటారు. దొర మంచమైనా, దొర కోళ్ళ గంపైనా అదే పద్ధతి.

ఆ దారినే, అదే పద్ధతిలో పోయేది మరొకటి ఉంది. ఊళ్ళో అమ్మవారు పోసినప్పుడు, అంటే మశూచి వచ్చినప్పుడు, వడ్డె, అంటే గూడెం పూజారి, ఆమెకు మొక్కి సాగనంపుతాడు. కొత్త వెదురు గంపలో ఎర్రగుడ్డ పరిచి, నీళ్ళు చల్లిన వేపమండలు కప్పి, ఆ గంపను పొలిమేర రాయి మీద పెట్టి వస్తారు. పెట్టినవాడు మాట్లాడడు, వెనక్కి చూడడు. అవతలి ఊరి వాళ్ళు దాన్ని విప్పకుండా, తమ ఊళ్ళో దించకుండా, ఆ పూటే తమ అవతలి పొలిమేరకు చేరుస్తారు. అలా ఊరూరూ దాటించి ఆమెను మనుషులు లేని చోటికి పంపాలని వాళ్ళ ప్రయాస. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. డాక్టరు మొహం ఎరగని మనుషులు బిడ్డల్ని కాపాడుకోవడానికి చేతనైంది చేశారు.

పోయిన ఎండాకాలం, ఇప్పపువ్వు రాలే రోజుల్లో, శబరి అవతల అమ్మవారు పోసిందని ఎర్రబోరు సంతలో మాట పుట్టింది. సారా కంట్రాక్టరు బండి వచ్చి ఆగింది అప్పుడే. పీపాలు దించుతున్న బండివాడు రామనర్సయ్యను చూసి, ఉప్పు, ఎండుచేపలు అమ్ముకునే భద్రమ్మ గొంతెత్తింది. ఆమెది నది అవతలి ఊరు.

"చూడుండ్రి, పీపాలు ఎట్ల కూసున్నయో, పెండ్లికొడుకుల్లెక్క! రోగమొచ్చిన మనిషిని మంచం తిరగేసి మోసుకపోతరు. సారాకేమో జోడెడ్ల బండి!"

"నన్నంటవేందక్కా? ఎడ్లు నావి, పీపాలు కంట్రాక్టరువి. కోంట నుంచి మీరు కొట్టిన బాట మీదనే వస్తన్న. నడుమ నాదేం పోయింది?"

"మేమే కొట్టినం," అన్నాడు జీలుగుగూడెం వడ్డె బుధ్రాం. "వెట్టికి పోయి బండలు పగలగొట్టినం. బాటెందుకంటే దవాఖానా వస్తది అన్నరు. వచ్చింది సారా భట్టి. ఇంట్ల కాచుకుంటే నేరమట. మొన్న ఈ మాసా పెండ్లాం కుండ తన్ని పోయిండ్రు. పోయిన పెద్దలకు పొయ్యను చుక్క లేదు. భట్టిల కొని పొయ్యాలట. ఆ సారా పోస్తే పెద్దలు గూడ దగ్గుతరు!"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. మాసా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నవ్వుండ్రి," అంది భద్రమ్మ. "ఆ భట్టి పక్కనే నల్లమందు దొరుకుద్ది, గంజాయి దొరుకుద్ది. అన్నిటికీ సర్కారు ముద్రే. చలిజరానికి కొయినా గోలి అడుగు, కోంట పొమ్మంటరు. పిల్ల ఏడుస్తందని నల్లమందు నాకించి పండబెట్టేటోళ్ళను చూసిన నేను. కొంతమంది పిల్లలు లేవనే లేదు."

నవ్వు ఆగింది. పక్క గూడెం నుంచి వచ్చిన పాలేరు ఉప్పలయ్య నెమ్మదిగా అన్నాడు. "భేజ్జికి టీకాలేసేటాయన వచ్చిండట. వెయ్యించుకోవద్దంటన్నరు మావోళ్ళు. చేతి మీద గుర్తు పడ్తదట, ఆ గుర్తు చూసి వెట్టికి పట్టుకపోతరట."

"మరి ఇన్నేండ్లు నీ చేతికి ఏ గుర్తుందని పట్టుకపోయిండ్రురా?" అంది భద్రమ్మ.

ఉప్పలయ్య తన చెయ్యి తనే చూసుకున్నాడు. మళ్ళీ నవ్వులు. భద్రమ్మ మాత్రం నవ్వలేదు. చెంగు వెనక్కి లాగి మొహం ఎండలో పెట్టింది. చిన్న చిన్న గుంటలతో జల్లెడలా ఉన్న మొహం.

"ఇగో, చూడుండ్రి. అమ్మ నన్ను ఇట్ల వదిలిపెట్టింది. నా తమ్ముళ్ళను ఇట్లన్న వదల్లే. భద్రాచలంల టీకాలేస్తుంటే నా పిల్లలను నేనే రెక్క పట్టి గుంజుకపోయిన. అందరు తిట్టిండ్రు. ఇప్పుడు నా పిల్లలు నున్నగ తిరుగుతండ్రు."

బుధ్రాం తల అడ్డంగా ఊపాడు. "అమ్మను సూదితో గుచ్చితే ఊకుంటదా?"

ఆ వాదన సంత ఎత్తేసే దాకా సాగింది. మాసా చూపు భద్రమ్మ మొహం మీదే ఉండిపోయింది. అతని కూతురు సోమిని ఇచ్చింది భేజ్జికే. ఆమెకు ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదు. అప్పటికి ఒడిలో ఉన్నది గంగే అనే పాప. ఇంకా అడుగులు రాని పిల్ల. తాత కనిపిస్తే ఆ పళ్ళు లేని నోట్లో వేలు పెట్టి కిలకిలలాడుతుంది. మాసా చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వేది దాని ముందర ఒక్కటే.

ఇంటికి పోయే ముందు భేజ్జి వైపు వెళ్తున్న జోగ అనే మనిషిని పిలిచాడు. "మా సోమికి చెప్పు. పిల్లను టీకాలాయన కాడికి తీస్కపొమ్మను. ఎవరేమన్నా వినొద్దను. అయ్య చెప్పిండని చెప్పు."

జోగ చెప్పాడు. సోమి పిల్లను చంకనేసుకుని వెళ్ళింది. భేజ్జిలో టీకాలు వేసే పాక ముందు జనం ఉన్నారు. ఆమె దాకా వచ్చేసరికి టీకా మందు అయిపోయింది. "కోంటకు కబురంపాను. పెట్టె బయల్దేరింది. ఎక్కడికీ పోవద్దు, ఆగండి," అన్నాడు టీకాలాయన. పిల్లతో ఆమె అక్కడే ఆగింది.

పెట్టె బయల్దేరిన మాట నిజమే. కోంట దవాఖానాలో కాంపౌండరు దాన్ని జాగ్రత్తగానే కట్టాడు. లోపల సన్నని గాజుగొట్టాల్లో టీకా మందు. ఎండకు అది పాడైపోతుంది. అందుకని పెట్టెకు గుడ్డ చుట్టి తడిపాడు. సర్కారు సామాను అని తెలియాలి కదా, దఫ్తరాలు కట్టే ఎర్రగుడ్డే చుట్టాడు. చల్లదనం నిలవాలని పైన తడి ఆకులు కప్పాడు. దవాఖానా ముందు ఉన్నది వేపచెట్టు.

వెంట పంపిన చప్రాసీ ఎర్రబోరు దాకా వచ్చాడు. ఎండ మండిపోతోంది, భట్టి తెరిచి ఉంది. "తీస్కపోండి, వెనక వస్తా," అని పెట్టెను ఉప్పలయ్య గూడెం వెట్టివాళ్ళకు అప్పగించి కూర్చున్నాడు. ఇందులో ఇది ఉంది, ఫలానా వాడికి చేరాలి అని వాళ్ళకు చెప్పలేదు. వాళ్ళు అడగలేదు. ఎందుకు అడుగుతారు?

పెట్టె కావడిబద్దకు వేలాడుతూ, నీళ్ళు బొట్లు బొట్లుగా కారుస్తూ బాట వెంట వచ్చింది. దారిలో చూసిన ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కుని తడికెలు మూశారు. మోస్తున్న ఉప్పలయ్య అది గమనించాడు. కిందికి కారుతున్న నీళ్ళు చూశాడు, ఎర్రగుడ్డ చూశాడు, వేపమండలు చూశాడు. అతని నడక పరుగైంది. జీలుగుగూడెం రాయి మీద పెట్టెను పెట్టి, దగ్గర్లో ఇప్పపువ్వు ఏరుతున్న మాసా మొహం కూడా చూడకుండా వెనుదిరిగాడు.

"ఏంది ఉప్పలయ్యా? ఏం సామాను?"

ఉప్పలయ్య పలకలేదు. వెనక్కి చూడలేదు. ఆ చూడకపోవడంతో మాసాకు అర్థమైంది. నిజానికి అతనికి అర్థమైంది తప్పు. కానీ ఆ తప్పుకు వేరే దారి ఉందా, మీరే చెప్పండి.

బుధ్రాం వచ్చి దూరాన్నే ఆగి చేతులు జోడించాడు. "అమ్మే. నది దాటి వచ్చింది. దించొద్దు, పొద్దు గూకకముందే భేజ్జి దిక్కు దాటియ్యాలె."

"అటు వద్దే మామా," అన్నాడు మాసా.

"అటు వద్దంటే? వచ్చిన దిక్కుకు ఎదురు దిక్కే పోవాలె. తెల్వదా?"

"అటు సోమి ఉంది. పిల్ల ఉంది."

"అందరి పిల్లలు ఉన్నరు అటు. నీదొక్కదేనా?"

"అందుకే అంటన్న. అటు వద్దు. నేను తీస్కపోత, శబరిల కలుపుత. నా ఒక్కడి మీదనే పడని."

వచ్చిన అమ్మను దారి మళ్ళిస్తే ఆ కోపం మళ్ళించినవాడి మీద పడుతుందని వాళ్ళ నమ్మకం. బుధ్రాం పక్కకు తప్పుకుని దారిచ్చాడు. చిన్నప్పటి నుంచి మాసా ఎన్ని బరువులు మోశాడో, వాటిలో ఎవరూ చెప్పకుండా, ఎవరూ కొట్టకుండా, తనంతట తానే భుజానికెత్తుకున్నది ఇదొక్కటే.

పొలిమేర రాళ్ళన్నీ దాటాడు. గూడేలు తప్పించి డొంకల్లోంచి, వాగుల్లోంచి తూర్పుకు నడిచాడు. అడుగు తీసి అడుగు వేస్తుంటే పెట్టెలో సన్నగా గలగలమంటోంది. అమ్మ చేతి గాజులు! అయినా ఆగలేదు. ఆ చప్పుడుతో మాట్లాడుతూ నడిచాడు. "కోపం చేయకు తల్లీ. నా ఒళ్ళు తీస్కో, నా కండ్లు తీస్కో. ఆ పిల్ల జోలికి పోకు. ఇంక పండ్లే రాలేదు దానికి."

గలగలమన్నవి గాజుగొట్టాలు. వాటిలో ఆ పిల్ల ప్రాణం ఉంది. దాన్ని ఆ పిల్లకు దూరంగా, చేతనైనంత వేగంగా, తాత మోసుకుపోతున్నాడు.

శబరి ఇసుకలో పాదాలు కాలుతుంటే లోతు నీళ్ళ దాకా వెళ్ళి పెట్టెను వదిలాడు. అది కాసేపు తేలి, ఎర్రగుడ్డ విచ్చుకుని, ఒక పక్కకు ఒరిగి మునిగిపోయింది. మాసా తల తడుపుకుని, వెనక్కి చూడకుండా ఒడ్డెక్కాడు. తిరిగొచ్చేటప్పుడు భుజం తేలిగ్గా ఉంది. లక్మేతో, "సాగనంపి వచ్చిన," అన్నాడు. ఆ రాత్రి కడుపునిండా జావ తాగాడు.

నెల గడిచాక మరో సంత వచ్చింది. భేజ్జి నుంచి ఒక్కరూ రాలేదు. భద్రమ్మ ఉప్పు మూటలు విప్పకుండానే కూర్చుంది. ఆ వైపు నుంచి వచ్చే బాట ఖాళీగా ఉండటం చూసి మాసా ఇక ఆగలేక భేజ్జికి నడిచాడు. దారి పొడుగునా గూడేల్లో గుమ్మాలకు వేపమండలు వేలాడుతున్నాయి. కుక్కలు అరవడం లేదు.

సోమి ఇంటి అరుగు మీద ఒంటరిగా ఉంది. ఒడి ఖాళీగా ఉంది. ఒంటి మీద ఇంకా మానని పొక్కులు. తండ్రిని చూసి లేవలేదు.

"నువ్వు చెప్పినట్టే పోయిన అయ్యా. పెట్టె వస్తది ఆగమంటే ఆగిన. అందరు ఊరు ఇడిసి పోయినా నేను పోలే. రాలే అయ్యా ఆ పెట్టె."

"ఏం పెట్టె బిడ్డా?"

"టీకా మందు పెట్టె. కోంట నుంచి. ఎర్రగుడ్డ చుట్టి, తడి ఆకులేసి పంపుతరట. లోపల గాజు..."

ఆమె ఇంకా ఏదో చెప్తోంది. మాసా చూపు అరుగు మీది నుంచి పైకి పోయి నిలిచిపోయింది. ఇంటి చూరుకు గంగే ఊయల తాడు ఇంకా వేలాడుతోంది.

అతను ఆమెకు నిజం చెప్పాడు. అక్కడే, నిలబడే చెప్పాడు. సోమి ఏడవలేదు, తిట్టలేదు. ఒక్కటే అడిగింది. "నీకు ఎవ్వలు చెప్పలేదా అయ్యా, ఏముందో?"

ఆ తరవాత నాయబ్ తహసీల్దారు ఎర్రబోరులో మకాం వేసి విచారణ పెట్టాడు. చప్రాసీ చేతులు కట్టుకుని, పెట్టె అప్పగించానని చెప్పాడు. అది నిజం కనుక అతన్ని ఎవరూ ఇంకేమీ అడగలేదు. సర్కారు మందును ఏటి పాలు చేసిన జంగ్లీ ఎవడని దొర గద్దించాడు. మాసా ముందుకు వచ్చాడు.

"పారెయ్యమని ఎవరు చెప్పారు నీకు?"

"నాకు ఎవరూ ఏం చెప్పలే దొరా. గదే."

"క్యా?"

"ఒక్క మాట. ఇందుల పిల్లల మందుంది, భేజ్జికి పోవాలె అని ఒక్క మాట చెప్తే, నడిచేటోన్ని కాదు నేను. ఉరికేటోన్ని. నా మనుమరాలు ఆడ కూసోని ఉండె."

దొర తల దించుకుని ఏదో రాసుకున్నాడు. అడవి జనం మూఢత్వం అని రాసి ఉంటాడు. ఆ ముక్క రాయడానికి కలం ఎప్పుడూ తడుముకోదు. రోగం తగ్గేదాకా భట్టి మూయాలని కానీ, మందుకూ ఒక బండి కావాలని కానీ ఆ విచారణలో ఎవరూ అనలేదు. రామనర్సయ్య బండి ఆ పూట కూడా పీపాలతో వచ్చి ఆగింది.

మకాం ఎత్తేటప్పుడు సామాను మొయ్యడానికి మాసానే పిలిచారు. అతను వచ్చాడు. రేకుపెట్టె ముందు నిలబడ్డాడు. వంగలేదు.

"ఎత్తు."

"ఇందులో ఏముంది దొరా?"

జవాను కర్ర లేచింది. మాసా చెయ్యి అడ్డం పెట్టలేదు. ఈసారి పోవడానికి ముందరి పళ్ళు లేవు. "కొట్టుండ్రి. ఏముందో చెప్పుండ్రి, ఎవరికి పోవాలో చెప్పుండ్రి. చెప్తే మోస్త. చెప్పకుంటే ఎవ్వరం మొయ్యం."

అతని పక్కన ఉప్పలయ్య కూడా కావడిబద్ద కింద పెట్టేశాడు. అతని వెనక బుధ్రాం.

మాసాను చేతులు కట్టి కోంటకు నడిపించారు. నేరం ఏమిటో చెప్పలేదు. లక్మే జావ కుండతో వెళ్ళి ఠాణా హవాలాతు ముందు కూర్చుంటే, ఇక్కడ లేడు, జగదల్‌పూర్ పంపాం అన్నారు. అక్కడికి వెళ్ళి అడిగిన వాళ్ళకు, రానేలేదు అన్నారు. ఆకులు రాలిపోయి మళ్ళీ చిగురించాయి. ఆ బాట పొడుగునా పొలిమేర రాళ్ళ దగ్గర దొరల సామాను ఆగిపోతోంది. మోసేవాళ్ళు అడుగుతున్నారు. అడిగిన గూడేల మీదికి తుపాకుల జవాన్లు వస్తున్నారని సంతలో మాట. ఇప్పపువ్వు మళ్ళీ రాలుతోంది. శబరి అవతల ఒక ఊళ్ళో పిల్లలకు జ్వరాలని భద్రమ్మ చెప్తోంది. సోమి మళ్ళీ నీళ్ళోసుకుంది.

బస్తర్ ఎల్లకు ఈవల భద్రాచలంలో, రాజమండ్రిలో ఈ ముక్క చదువుతున్న వాళ్ళారా, అయ్యో అని పక్కన పెట్టకండి. మాసా ఎక్కడ అని బస్తర్ దివానుకు ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే మళ్ళీ రాయండి. వెట్టి ఎత్తెయ్యమని, భట్టికి ఇచ్చిన బండి మందుకూ ఇమ్మని మీ సభల్లో తీర్మానం చేసి పంపండి. టీకాలు వెయ్యడం వచ్చినవాళ్ళు, దొర్ల మాట రెండు ముక్కలైనా వచ్చినవాళ్ళు మీలో ఉన్నారు. ఈ ఎండలు ముదరకముందే ఒక పెట్టెతో బయల్దేరండి. దాన్ని ఎవరి నెత్తినా పెట్టి పంపకండి, మీరే వెంట నడవండి. ప్రతి పొలిమేర రాయి దగ్గర ఆగి, ఇందులో ఏముందో నోటితో చెప్పండి. అక్కడ అడిగేవాళ్ళు ఉన్నారు.